బర్మాలో ఉన్న బంధువుకు డబ్బు పంపితే నేరమా? ‘బ్లాక్ లిస్టు’ దేశాల గురించి మన కుటుంబాలు తెలుసుకోవలసినవి

కిందటి వేసవిలో ఒక సాయంత్రం బరంపురంలోని మన సంఘం కార్యాలయానికి ఒక పెద్దావిడ వచ్చారు. వయసు డెబ్బై దాటింది. చేతిలో బ్యాంకు పాసుపుస్తకం, ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టిన రెండు పాత ఫొటోలు ఉన్నాయి. ఆవిడ మేనత్త కుటుంబం బర్మాలోనే ఉండిపోయింది. ఆ మేనత్త కొడుకు, అంటే ఆవిడకు బావ వరస, మోల్మేన్‌లో ఉంటారు. ఆయనకు కిడ్నీలు చెడి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆయన కూతురు ఫోనులో వచ్చీరాని తెలుగులో సంగతి చెప్పి ఏడ్చిందట. ఆవిడ తన ఫ్యామిలీ పెన్షన్‌లో దాచుకున్న 40,000 రూపాయలు పంపుదామని బ్యాంకుకు వెళ్లారు.

కౌంటరులో ఉన్న కుర్రాడు కంప్యూటరు చూసి, ‘ఆ దేశం బ్లాక్ లిస్టులో ఉంది మాఁ, పంపడం కుదరదు, పంపితే మీ మీదే కేసు అవుతుంది’ అని ఒడియాలో చెప్పాడట. కాగితం మీద ఏమీ రాసివ్వలేదు. ఆవిడ బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే తెలిసిన మనిషి ఒకరు పలకరించి, ‘బ్యాంకులతో ఎందుకమ్మా, ఇక్కడ నాకు ఇవ్వండి, రేపు సాయంత్రానికి అక్కడ వాళ్ల చేతిలో పెడతారు’ అన్నారట.

ఆవిడ మమ్మల్ని అడిగింది ఒకటే మాట. “బాబూ, మా బావ వైద్యానికి నా పెన్షన్ డబ్బు పంపితే నేను నేరం చేసినట్టా?”

మా కార్యవర్గంలో ఎక్కువమందిమి రిటైరైన గుమాస్తాలమే. సర్క్యులర్లు చదవడం, ఫారాలు నింపడం మాకు అలవాటైన పని. అయినా ఆ సాయంత్రం ఆవిడకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలు తెప్పించుకుని చదివాం. బ్యాంకులో పనిచేసి రిటైరైన మిత్రులను అడిగాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. బర్మాలో బంధువులున్న కుటుంబం ఆవిడది ఒక్కటే కాదని మాకు తెలుసు.

మనకూ బర్మాకూ ఉన్న లంకె

యానాం వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేవారు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది కూలీలు రంగూన్ రేవులో మూటలు మోయడానికి, ధాన్యం మిల్లుల్లో పనిచేయడానికి వెళ్లేవారు. మన గోపాలపురం రేవు నుంచి కూడా రంగూన్‌కు స్టీమర్లు నడిచేవి. ఆ రోజుల్లో డబ్బు అటు నుంచి ఇటు వచ్చేది. రంగూన్ మనీయార్డరు వచ్చిన రోజే పండగ అని మన ముందుతరం వాళ్లు చెప్పగా విన్నాం.

తర్వాత కాలం తిరగబడింది. 1930లో రంగూన్ రేవు దగ్గర తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేల కుటుంబాలు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చాయి. 1962లో జనరల్ నే విన్ సైన్యంతో అధికారం పట్టాడు. దుకాణాలను జాతీయం చేశాడు. 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశాడు. కష్టపడి కూడబెట్టింది ఒక్క రోజులో చిత్తు కాగితమైంది. ఆ తర్వాత లక్షల మంది భారతీయులు ఓడలెక్కి మద్రాసుకు, విశాఖపట్నానికి, కలకత్తాకు వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు ఆ రాకకు గుర్తులు.

అందరూ రాలేదు. అక్కడ పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు, ఓడ టికెట్టుకు డబ్బు లేనివాళ్లు, ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనుకున్నవాళ్లు ఉండిపోయారు. ఉండిపోయిన వాళ్ల పిల్లలే ఇప్పుడు మనకు ఫోను చేసేది.

చట్టం ఏమంటుంది

విదేశాలకు డబ్బు పంపడాన్ని నియంత్రించేది విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం. అందరూ ఫెమా అంటారు. 1999లో చేశారు, 2000 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. దీనికి ముందున్న 1973 నాటి ఫెరా చట్టంలో తప్పు చేస్తే జైలు శిక్ష కూడా పడే వీలుండేది. ఫెమాలో మామూలుగా జరిమానా. కానీ ఆ జరిమానా చిన్నది కాదు. ఎంత సొమ్ము దారి తప్పిందో తేలితే దానికి మూడు రెట్ల వరకు వేయవచ్చు.

ఈ చట్టం కింద 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఒక పథకం తెచ్చింది. దాని పేరు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్, పొట్టిగా ఎల్‌ఆర్‌ఎస్. మొదట్లో ఒక మనిషి ఏడాదికి 25,000 డాలర్లు పంపవచ్చన్నారు. పెంచుతూ తగ్గిస్తూ 2015 నాటికి 2,50,000 డాలర్లకు తెచ్చారు. అంటే మన లెక్కలో రెండు కోట్ల రూపాయలకు పైమాటే. చదువుకు, వైద్యానికి, ప్రయాణానికి, బహుమతికి, విదేశంలో ఉన్న దగ్గరి బంధువుల పోషణకు, పెట్టుబడికి పంపవచ్చు. పాన్ కార్డు తప్పనిసరి.

ఇదే పథకంలో పంపకూడనివీ ఉన్నాయి. లాటరీ టికెట్లకు పంపకూడదు. విదేశీ కరెన్సీ వ్యాపారానికి, మార్జిన్ ట్రేడింగుకు పంపకూడదు. ఉగ్రవాద ముప్పు ఉందని గుర్తించిన వ్యక్తులకు, సంస్థలకు నేరుగా గానీ చుట్టుదారిలో గానీ పంపకూడదు. ఇంకొకటి మన ప్రశ్నకు సంబంధించినది. ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ అనే అంతర్జాతీయ సంస్థ ‘సహకరించని దేశాలు’గా గుర్తించిన చోట్లకు మూలధన ఖాతా కింద డబ్బు పంపకూడదు.

ఇక్కడ ‘మూలధన ఖాతా’ అన్న మాట దగ్గర ఆగాలి. మూలధన ఖాతా అంటే అక్కడ ఇల్లు కొనడం, షేర్లు కొనడం, వ్యాపారంలో పెట్టుబడి పెట్టడం, అప్పు ఇవ్వడం వంటివి. బంధువు పోషణకు పంపేది, బహుమతిగా ఇచ్చేది ఆ ఖాతాలోకి రావు. అవి కరెంటు ఖాతా చెల్లింపులు. నిబంధనలో ఆ రెండు మాటలను వదిలేసి చదివితే ‘ఆ దేశానికి ఏమీ పంపకూడదు’ అని అర్థమవుతుంది. కౌంటరులో కుర్రాడు చేసింది అదే అయి ఉంటుంది. అతన్ని తప్పుపట్టాలని కాదు. మేం కూడా కౌంటరు వెనక కూర్చున్నవాళ్లమే. ‘కుదరదు’ అంటే గుమాస్తాకు ఏ చిక్కూ రాదు, ‘కుదురుతుంది’ అంటే రేపు ఆడిట్‌లో సంజాయిషీ తనే ఇచ్చుకోవాలి.

బ్లాక్ లిస్టు ఎవరిది, అందులో ఏముంది

ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్‌ను 1989లో పారిస్‌లో జీ-7 దేశాలు ఏర్పాటు చేశాయి. దొంగసొమ్మును తెల్లగా మార్చడాన్ని, ఉగ్రవాదులకు డబ్బు అందడాన్ని అడ్డుకునే చట్టాలు ఏ దేశంలో ఎలా ఉన్నాయో ఇది చూస్తుంది. మన దేశం 2010లో సభ్యురాలైంది. ఈ సంస్థ రెండు జాబితాలు పెడుతుంది. లోపాలు దిద్దుకుంటామని మాటిచ్చి నిఘాలో ఉన్న దేశాలది ఒకటి, దాన్ని గ్రే లిస్టు అంటారు. పాకిస్తాన్ 2018 నుంచి 2022 వరకు అందులో ఉంది. రెండోది అత్యధిక ముప్పు ఉన్న దేశాలది, దాన్నే బ్లాక్ లిస్టు అంటారు. అందులో ఉత్తర కొరియా, ఇరాన్ చాలాకాలంగా ఉన్నాయి. 2022 అక్టోబరులో బర్మాను, అంటే నేటి మయన్మార్‌ను చేర్చారు. బర్మాకు ఇది కొత్త కాదు. 2001 నుంచి 2006 వరకు కూడా ఇలాంటి జాబితాలోనే ఉంది.

అయితే ఒకే జాబితాలో ఉన్న మూడు దేశాలకూ ఒకే మందు రాయలేదు. ఉత్తర కొరియా, ఇరాన్‌ల మీద ప్రతిచర్యలు తీసుకోమని ఆ సంస్థ సభ్యదేశాలను కోరింది. మయన్మార్‌ను చేర్చిన రోజున అడిగింది వేరు. ఆ దేశంతో జరిగే లావాదేవీలను మామూలు కంటే ఎక్కువ శ్రద్ధగా పరిశీలించమంది. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా చెప్పింది. ఈ పరిశీలన పేరుతో మానవతా సాయం, నిజాయితీగా పనిచేసే స్వచ్ఛంద సంస్థల డబ్బు, కుటుంబాలు పంపుకునే డబ్బు ఆగిపోకుండా చూడాలని స్పష్టంగా రాసింది. జాబితా పెట్టినవాళ్లే కుటుంబాల డబ్బు ఆపొద్దన్నారు.

మరి ఎందుకు ఆగుతోంది? దీనికి పాత మనీయార్డరు పోలిక పనికొస్తుంది. మనీయార్డరు మన ఊరి పోస్టాఫీసు నుంచి బయలుదేరి మధ్యలో ఎన్నో ఆఫీసుల చేతులు మారి గమ్యం చేరేది. విదేశాలకు పంపే డబ్బూ అంతే. మన బ్యాంకుకు అక్కడి బ్యాంకుతో నేరుగా ఖాతా లేకపోతే మధ్యలో వేరే దేశపు పెద్ద బ్యాంకు ఒకటి ఉంటుంది. ఆ మధ్యబ్యాంకుకు 40,000 రూపాయల మీద వచ్చే కమిషను కొద్దిపాటిది. ఏదైనా పొరపాటు జరిగితే పడే జరిమానా కోట్లలో ఉంటుంది. అందుకని ఆ దేశం పేరు కనబడితే చాలు పక్కన పెట్టేస్తుంది. చట్టం తెరిచి ఉంచిన తలుపు ఇలా నడవలో మూసుకుంటుంది.

ప్రభుత్వానికి ఉన్న భయం ఉత్తిది కాదు

ఈ సంగతి కార్యవర్గ సమావేశంలో పెట్టినప్పుడు మాలో ఇద్దరు గట్టిగా అడ్డం చెప్పారు. ‘ఆ దేశానికి అన్ని దారులూ మూసెయ్యాలి’ అన్నారు. వాళ్లలో ఒకరి అల్లుడు డిజిటల్ అరెస్టు మోసంలో ఆరు లక్షలు పోగొట్టుకున్నాడు. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫారం వేసుకున్నవాడు భయపెట్టి రెండు రోజుల్లో మొత్తం ఊడ్చేశాడు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. 2021లో సైన్యం మళ్లీ అధికారం పట్టాక మయన్మార్ సరిహద్దుల్లో, ముఖ్యంగా థాయిలాండ్ పక్కనున్న మ్యావాడి ప్రాంతంలో మోసాల కేంద్రాలు పెరిగాయి. మంచి ఉద్యోగమని చెప్పి మన కుర్రవాళ్లను బ్యాంకాక్ తీసుకెళ్లి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి, పాస్‌పోర్టు లాక్కుని, మనవాళ్ల చేతనే మనవాళ్లకు ఫోన్లు చేయించారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం ఐదు వందల మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తీసుకొచ్చింది. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇంకా ఆ దేశంలో నల్లమందు సాగు, మత్తుమందుల తయారీ, అంతర్యుద్ధం, ఆయుధాల కొనుగోళ్లు ఉన్నాయి. ఇక్కడి నుంచి వెళ్లే డబ్బు ఎవరి చేతిలో పడుతుందో చూడటం ప్రభుత్వ బాధ్యతే. ‘నా డబ్బు నా ఇష్టం’ అనే వాదన దీని ముందు నిలవదు.

కానీ ఆయన అల్లుడి ఆరు లక్షలు ఏ దారిన పోయాయి? ఏ బ్యాంకులోనూ విదేశీ చెల్లింపు ఫారం నింపలేదు. ‘మయన్మార్‌కు పంపండి’ అని ఎవరూ అడగలేదు. సొమ్ము ముందు మన దేశంలోనే ఎవరెవరి పేర్ల మీదో తెరిచిన అద్దె ఖాతాల్లోకి వెళ్లింది. ఇలాంటి మోసాల్లో అక్కడి నుంచి ముక్కలు ముక్కలై క్రిప్టోగా మారి దేశం దాటుతుంది. దేశం పేరు చూసి ఆపే గేటు దగ్గరికి ఆ దొంగలు అసలు రానే రారు. పాన్ కార్డు, ఆధారు, పెన్షన్ పుస్తకం పట్టుకుని ఆ గేటు దగ్గరికి వచ్చేది మన పెద్దావిడే.

తలుపు మూస్తే ఏమవుతుంది

మూసిన తలుపు పక్కన ఎప్పుడూ ఒక కిటికీ తెరుచుకుంటుంది. దాని పేరు హుండీ. గుడిలో హుండీ కాదు, హవాలా అని పేపర్లో చదివేదే. బర్మాలో కూడా మన మాటనే వాడి హుండీ అంటారు. ఇక్కడ ఏజెంటుకు రూపాయలు ఇస్తాం. ఏజెంటు అక్కడి భాగస్వామికి ఫోను చేస్తాడు. ఆ భాగస్వామి మన బంధువు చేతిలో చాట్లు పెడతాడు. డబ్బు సరిహద్దు దాటదు, లెక్క మాత్రమే దాటుతుంది. వాళ్లిద్దరూ ఆ లెక్కను బంగారంతోనో, సరుకుతోనో, మత్తుమందుతోనో తర్వాత చక్కబెట్టుకుంటారు. ఎలా చక్కబెట్టుకున్నారో మనకు ఎన్నటికీ తెలియదు.

హుండీకి జనం ఎందుకు పోతారంటే త్వరగా అందుతుంది, రేటు ఎక్కువ వస్తుంది. 2022 ఆగస్టులో అక్కడి సైనిక ప్రభుత్వం డాలరుకు 2,100 చాట్లని అధికారిక రేటు కట్టింది. తర్వాత బయట బజారులో రేటు దానికి రెట్టింపు దాటింది. పైగా ఫారాలు లేవు, తిప్పించుకోవడాలు లేవు. కానీ ఇది ఫెమా సెక్షన్ 3 కింద తప్పు. ఏజెంటు మీద దాడి జరిగి చిట్టా దొరికితే అందులో పేరున్న ప్రతివాళ్లకూ నోటీసు వస్తుంది. డబ్బు ముట్టకపోతే అడిగే నాథుడు ఉండడు. ఇలా బ్యాంకు దారి మూసినందువల్ల ఒక నిజాయితీ గల పెన్షనరు డబ్బు దొంగసొమ్ముతో కలిసి, ప్రభుత్వం కంటికి కనబడకుండా వెళ్తుంది. దేన్ని ఆపడానికి ఆంక్ష పెట్టారో అదే బలపడుతుంది.

ఇది ఇతర దేశాల్లోనూ జరిగింది. 2001 నవంబరులో అమెరికా ప్రభుత్వం అల్ బరకాత్ అనే సోమాలియా సంస్థను ఉగ్రవాద ఆరోపణతో మూయించింది. అక్కడ సరైన బ్యాంకులే లేవు. విదేశాల్లో పనిచేసే సోమాలీలు ఇంటికి డబ్బు పంపడానికి అదే పెద్ద దారి. సెప్టెంబరు 11 దాడుల మీద విచారణ జరిపిన కమిషన్ సిబ్బంది తర్వాత పరిశీలిస్తే ఆ ఆరోపణకు తగిన సాక్ష్యం దొరకలేదు. ఆ దాడులు చేసినవాళ్లు అమెరికాలో వాడుకున్నవి మామూలు బ్యాంకు ఖాతాలే. ఈలోగా ఇబ్బంది పడింది సోమాలియాలోని కుటుంబాలు.

క్యూబా సంగతి మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 2004లో అమెరికా ప్రభుత్వ నిబంధనల ప్రకారం క్యూబాకు మూడు నెలలకు 300 డాలర్ల వరకే పంపనిచ్చేవారు. అదీ తల్లిదండ్రులు, తాత మామ్మలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, మనవలకే. మేనత్తలు, మేనమామలు, వాళ్ల పిల్లలు కుటుంబం కిందికి రారని చెప్పింది. పెంచిన మేనత్తకు మందులకు పంపడం కూడా నేరమైంది. 2009లో వచ్చిన ప్రభుత్వం ఈ హద్దులను ఎత్తేసింది.

మన నిబంధనలోనూ ఇదే ఇరుకు ఉంది. ‘దగ్గరి బంధువుల పోషణ’ అన్నచోట బంధువు అంటే 2013 కంపెనీల చట్టంలో చెప్పినవాళ్లే. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు. మేనత్త కొడుకు ఆ జాబితాలో లేడు. మన ఇళ్లలో మేనరికం అంటే ఎంత దగ్గరో చట్టం రాసినవాళ్లకు తెలియక కాదు, ఎక్కడో గీత గీయాలి కాబట్టి గీశారు. అదృష్టం కొద్దీ ‘బహుమతి’ అనే పద్దు వేరే ఉంది. దానికి చుట్టరికంతో పని లేదు.

ఇంకో సంగతి. మనం ఇడ్లీకి నానబోసే మినుముల్లో చాలా భాగం బర్మావే. 2021లో మన ప్రభుత్వం ఆ దేశంతో ఒప్పందం రాసుకుని ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ఐదేళ్లపాటు తెప్పించుకోవడానికి దారి వేసింది. అది మంచి పనే, లేకపోతే మినప్పప్పు ధర మనం అందుకోలేం. కానీ మినుముల ఓడకు కోట్లు చెల్లించడానికి దారి దొరికినప్పుడు డయాలసిస్‌కు 40,000 పంపడానికి దారి దొరకకపోవడం ఏమిటి?

మా అభిప్రాయం

ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చు, పెట్టాలి కూడా. కాకపోతే ఆంక్ష మనిషి మీద, పని మీద ఉండాలి. దేశం మొత్తం మీద గొడుగులా కప్పేస్తే కింద చీకట్లో పడేది సామాన్యులే. ఉగ్రవాద జాబితాలో ఉన్న వ్యక్తికి ఒక్క రూపాయి వెళ్లకూడదు. అక్కడి సైన్యం నడిపే సంస్థలో పెట్టుబడి పెట్టకూడదు. పేరూ ఊరూ చెప్పని ఆన్‌లైన్ ట్రేడింగ్ కంపెనీకి లక్షలు పంపుతుంటే బ్యాంకు ఆపి అడగాలి. వీటికి మేం పూర్తిగా సమ్మతం.

ఒక చిన్న మొత్తాన్ని హద్దుగా పెట్టి, ఆ లోపల కుటుంబాలు పంపే డబ్బుకు ఒక స్పష్టమైన దారి ఉండాలి. నేపాల్ విషయంలో మన రిజర్వు బ్యాంకు ఇలాంటిది చేసి చూపించింది. 2008లో మొదలుపెట్టిన ఇండో-నేపాల్ రెమిటెన్స్ పథకంలో మొదట 50,000 రూపాయల వరకు పంపే వీలు ఇచ్చారు, 2021లో రెండు లక్షలకు పెంచారు. ఇక్కడ కూలీ చేసే నేపాలీ కుటుంబాలకు అది మేలైంది. బర్మాకు అలాంటిదే ఒకటి, ఇంకా గట్టి తనిఖీతో అయినా సరే, పెట్టమని అడగడం అత్యాశ కాదు. ఇంకొకటి, బ్యాంకు కాదన్నప్పుడు కారణం కాగితం మీద రాసివ్వాలి. నోటిమాటతో ‘కేసవుతుంది’ అని భయపెట్టి పంపకూడదు.

మొదట అడ్డం చెప్పిన మా సభ్యుల్లో ఒకరు దీనికి ఒప్పుకున్నారు. అల్లుడు మోసపోయిన ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ‘చిన్న మొత్తాల పేరుతో మళ్లీ వాళ్లే దూరుతారు’ అంటారు. ఆ మాటా ఇక్కడ రాయడం న్యాయం.

పంపవలసి వస్తే ఏం చేయాలి

మొదటిది, ప్రతి శాఖలోనూ విదేశీ చెల్లింపుల పని తెలిసినవాళ్లు ఉండరు. మీ బ్యాంకులోనే ఫారెక్స్ పని చూసే పెద్ద శాఖ ఏదో అడిగి అక్కడికే వెళ్లండి.

రెండోది, ఏ-2 ఫారం అడిగి తీసుకోండి. అందులో ‘ఎందుకు పంపుతున్నారు’ అన్నచోట పర్పస్ కోడ్ రాయాలి. కుటుంబ పోషణకు ఎస్1301, వ్యక్తిగత బహుమతికి ఎస్1302. తల్లికో కొడుక్కో చెల్లెలికో పంపితే మొదటిది, మేనబావకో పినతల్లి కూతురికో అయితే రెండోది. ‘పెట్టుబడి’, ‘అప్పు’ అన్న మాటలు పొరపాటున కూడా రాయొద్దు. అబద్ధం అసలే రాయొద్దు.

మూడోది, కాగితాలు ఎక్కువే తీసుకెళ్లండి. పాన్, ఆధారు, డబ్బు ఎక్కడిదో చూపే పాసుపుస్తకం, అందుకునేవారి గుర్తింపు కార్డు నకలు, వారి పేరు మీదే ఉన్న బ్యాంకు ఖాతా వివరాలు, ఆసుపత్రి చీటీ ఉంటే అది, చుట్టరికం వివరిస్తూ మీ సంతకంతో ఒక ఉత్తరం. సంఘం నుంచి ధ్రువీకరణ ఉత్తరం కావాలంటే మేం ఇస్తాం. చట్టంలో దానికి విలువ లేదు కానీ ఎదుటి అధికారికి కొంత ధైర్యం వస్తుంది.

నాలుగోది, పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి మొత్తం 10 లక్షలు దాటితేనే ముందస్తుగా టీసీఎస్ పట్టుకుంటారు. చిన్న మొత్తాలకు ఆ బెడద లేదు. దగ్గరి బంధువు కానివారికి ఏడాదిలో 50,000 దాటి బహుమతి పంపితే ఆదాయపు పన్ను ప్రశ్న వస్తుంది, ముందు ఆడిటరును అడగండి.

ఐదోది, కాదంటే ‘ఏ నిబంధన కింద కాదంటున్నారో రాసివ్వండి’ అని అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇది బ్యాంకు తన వ్యాపార నిర్ణయం అంటే అంబుడ్స్‌మన్ దాన్ని మార్చలేరు. అయినా జవాబుదారీ వస్తుంది.

ఆరోది, ఎవరైనా ఫోనులో భయపెట్టి డబ్బు అడిగితే, మీ పిల్లవాడు అక్కడ చిక్కుకున్నాడని చెప్పి ఖాతా నంబరు ఇస్తే, డబ్బు పంపకముందే 1930కి ఫోను చేయండి. పంపేశాక అయితే ఆ క్షణమే చేయండి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఆఖరుగా, హుండీ ఏజెంటు ఎంత తెలిసినవాడైనా వద్దు.

పెద్దావిడ సంగతి

ఆవిడతో మాలో ఇద్దరం భువనేశ్వర్‌లోని వేరే శాఖకు వెళ్లాం. అక్కడి అధికారిణి నిబంధన కాగితం తీసి చదివి, ‘బహుమతి కింద అయితే ప్రయత్నిద్దాం, పూచీ ఇవ్వలేను’ అన్నారు. ఉన్న మాట చెప్పారు, అది మాకు నచ్చింది. మధ్యబ్యాంకు రెండుసార్లు ప్రశ్నలు పంపింది. ఆయన ఎవరు, ఏం చేస్తారు, ఏ ఆసుపత్రి, మీకు ఏమవుతారు అని అడిగింది. ‘మేనత్త కొడుకు’ అన్నదాన్ని ఇంగ్లీషులో రాస్తే, వాళ్లు తండ్రి వైపా తల్లి వైపా అని మళ్లీ అడిగారు. డబ్బు చేరడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఖర్చులు పోను కొంత తగ్గి ముట్టింది. ఈలోగా ఆయన కూతురు చెవి దుద్దులు తాకట్టు పెట్టి డయాలసిస్ నడిపించింది.

రసీదు వచ్చిన రోజు ఆవిడ సంఘానికి వచ్చి దాన్ని ఆ రెండు ఫొటోలున్న కవరులోనే పెట్టుకున్నారు. ఒక ఫొటోలో మేనత్త రంగూన్‌లో ఒక దుకాణం ముందు నిలబడి ఉంది. ఆవిడ తండ్రి చదువుకు ఆ మేనత్తే నెలనెలా మనీయార్డరు పంపేదట.

“అప్పుడు వాళ్లు పంపినప్పుడు మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు బాబూ” అన్నారు ఆవిడ. “ఇప్పుడు అడిగారు, చెప్పాం. అడగడం తప్పు కాదు. అడగకుండా పొమ్మనడమే తప్పు.”

బర్మాలో బంధువులున్న కుటుంబాలు, బ్యాంకుల్లో ఇలాంటి ఇబ్బంది పడినవాళ్లు, ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, తమ అనుభవం తేదీలతో సహా రాసి మీ ఊరి తెలుగు సంఘానికి ఇవ్వండి. అన్నీ కలిపి రిజర్వు బ్యాంకుకు ఒకే అర్జీగా పెట్టాలని మా ఆలోచన. ఒక్కరు అడిగితే కౌంటరు దగ్గరే ఆగుతుంది. నలుగురం కలిసి రాతపూర్వకంగా అడిగితే ఫైలు కదులుతుంది. ఆ మాత్రం మా గుమాస్తాగిరీలో నేర్చుకున్నాం.